మన గాలిలో ఆకుల పాలెంత? – తెలుసుకొనే హక్కు, అడిగే నుడి

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలు చెన్నైలో సమావేశమైన సందర్భంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



భాషా హక్కుల వేదిక మీద గాలిలోని ధూళిని గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి తోచవచ్చు. బడి, పాఠ్యపుస్తకం, ఉపాధ్యాయుల ఖాళీలు, పదో తరగతిలో మాతృభాష పత్రం – ఇవి మనం ఏళ్ల తరబడి మాట్లాడుకొంటున్న సంగతులు. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన తమిళ అభ్యసన చట్టం తరగతి తరువాత తరగతిగా సాగి 2015–16లో పదో తరగతికి చేరింది. నాటి నుంచి మన తల్లిదండ్రులు న్యాయస్థానాల గడప ఎన్నిసార్లు తొక్కవలసి వచ్చిందో మీకు తెలుసు. ఆ పోరాటం సాగవలసిందే. అయితే భాషా హక్కు తరగతి గది గుమ్మం దగ్గర ఆగిపోయేది కాదు. ఆసుపత్రి చీటీలో, పురపాలక సంఘం ప్రకటనలో, కర్మాగారం పెట్టబోయే ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో, మనం పీల్చే గాలిని గురించిన హెచ్చరికలో కూడా ఆ హక్కుకు చోటుండాలి.

ఈనాడు నేను చెప్పదలచుకొన్నది ఒక్కటే. మనం పీల్చే గాలిలో చెట్టుచేమలు పెట్టినది ఎంత, మనిషి పెట్టినది ఎంత అని చాలావరకు వేరు చేసి చెప్పగల శాస్త్రం ఇప్పుడున్నది. ఈ చెన్నపట్నం గాలి మీదనే ఆ పరీక్ష జరిగింది. ఆ వివరం మన నుడిలో మనకు అందకపోతే, ఎవరు ఎవరి మీద నింద మోపినా తల ఊపవలసిన వారమవుతాము.

ఆకు గాలికి ఇచ్చేది

తామరాకు మీద నీటిబొట్టు నిలవదని మనకు తెలుసు. చేమాకు మీద కూడా అంతే. ఆకు పైపొర మీద సన్నని మైనపు పూత ఉండటమే అందుకు కారణం. లోపలి తేమ ఎండకు ఆరిపోకుండా ఆ పూత ఆకును కాపాడుతుంది. గాలి వీచి ఆకులు ఒకదానినొకటి రాసుకొన్నప్పుడు, పండుటాకు ఎండి పొడి అయినప్పుడు, ఆ మైనం కంటికి కనబడని తునకలుగా గాలిలో కలుస్తుంది. దానితోపాటు పుప్పొడి, బూజు విత్తులు, కుళ్లిన ఆకుల నలుసులు కూడా లేస్తాయి. ఇవి మొక్కలూ వాటిని ఆశ్రయించిన బూజులూ నేరుగా గాలికిచ్చే కణాలు.

రెండవ రకం ఇంతకంటె చిత్రమైనది. తులసి దళం నలిపినా, కరివేపాకు రెబ్బ తుంచినా, నీలగిరి చెట్ల తోపులో నడిచినా ముక్కుకు వాసన తగులుతుంది. ఆ వాసన మొక్క విడిచిన ఆవిరే. లవంగం, మిరియం, కరివేపాకుల ఘాటులో క్యారియోఫిలీన్ అనే పదార్థం ఉన్నది. దేవదారు జాతి చెట్ల బంకలో పైనీన్ ఉన్నది. వీటన్నిటినీ మించి, మన ముక్కు పసిగట్టని ఐసోప్రీన్ అనే ఆవిరిని అనేక జాతుల చెట్లు పగటిపూట విడుస్తాయి. ఎండా వేడీ పెరిగిన కొద్దీ అది పెరుగుతుంది. వేడి దెబ్బ నుంచి ఆకు తనను తాను కాపాడుకొనే ఉపాయం ఇదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. భూమి మీది మొక్కలన్నీ కలిసి విడిచే ఐసోప్రీన్ ఏడాదికి సుమారు 50 కోట్ల టన్నులని అంచనా.

ఈ ఆవిరులు ఆవిరులుగానే ఉండిపోవు. ఎండ తగిలి, ఓజోన్ వంటి వాయువులతో కలిసి, మార్పు చెంది, కొంత భాగం సూక్ష్మకణాలుగా గడ్డకడుతుంది. దూరపు కొండల మీద కనబడే నీలి తెరకు చెట్ల ఆవిరులే కారణమని 1960లో ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. ఐసోప్రీన్ మాత్రం కణాలుగా మారదనే చాలాకాలం అనుకొన్నారు. 2004లో బెల్జియం శాస్త్రవేత్త మాగ్దా క్లేస్ బృందం అమెజాన్ అడవి గాలిలో దాని నుంచి పుట్టిన పదార్థాలను కణాలలో పట్టుకొన్న తరువాత ఆ అభిప్రాయం మారింది.

ఒక సంగతి గమనించండి. ఇంతవరకు నేను వాడిన మాటలలో సగం మన వంటింటివి, పొలంగట్టువి. మైనం, బంక, పుప్పొడి, బూజు, ఆవిరి, నలుసు, మసి, పొగ – ఇవి నిఘంటువులో వెతకవలసిన మాటలు కావు. పదార్థాల పేర్లు పరభాషవి అయితే కానివ్వండి. జరిగే పని చెప్పడానికి మన నుడి చాలు. ఈ విషయం తెలుగులో చెప్పడం కుదరదనే మాట మనం ఒప్పుకోనక్కరలేదు.

చెన్నై గాలి చెప్పిన సాక్ష్యం

2007 శీతాకాలంలో కొన్నాళ్లు, మళ్లీ మే నెలలో కొన్నాళ్లు, మద్రాసు ఐ.ఐ.టి. ప్రాంగణంలో పగలూ రాత్రీ వేరువేరుగా గాలిని వడగట్టి కణాలను సేకరించారు. ఒకప్పటి గిండీ అడవి నుంచి విడదీసిన ఆ ప్రాంగణం, పక్కనే ఉన్న గిండీ జాతీయ ఉద్యానం ఈ మహానగరం నడుమ మిగిలిన పచ్చదనం. సేకరించిన కణాలు పది మైక్రాన్లకు మించనివి, అంటే తలవెంట్రుక మందంలో అయిదవ వంతుకు అటూ ఇటూ ఉండేవి. వాటిని జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో పరీక్షించారు. ఆచార్య కవమురా, ఫూ పింగ్‌చింగ్, మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు స్వామినాథన్, పావులూరి చంద్రమౌళి మొదలైన వారు 2010లో ఆ ఫలితాలు ప్రకటించారు. పావులూరి అన్న ఇంటిపేరు తెలుగువారి చెవికి కొత్తది కాదు. కానీ ఆ ఫలితాలు వెలువడినది ఆంగ్లంలో. పదిహేనేళ్లు దాటినా అవి ఈ నగరపు తెలుగు వాడలకు చేరలేదు.

కణాలలో 14 తరగతుల సేంద్రియ పదార్థాలు కనబడ్డాయి. న్యాయవాద వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక నాకు వాటిని చూస్తే సాక్షుల జాబితా చూసినట్లే ఉన్నది. నేరం జరగగా చూసినవారు లేనిచోట పరిస్థితుల సాక్ష్యం మీద ఆధారపడతాము. వేలిముద్ర, అడుగు జాడ, రక్తపు మరక చేసిన మనిషిని పట్టిస్తాయి. గాలిలోని కణానికి కూడా వేలిముద్రలున్నాయి. ఆకు మైనానికి దానికే చెందిన పొడవాటి కర్బన గొలుసులున్నాయి. కట్టె గాని, పిడక గాని, ఎండుటాకు గాని కాలితే దానిలోని పీచుపదార్థం నుంచి లెవోగ్లూకోసాన్ అనే చక్కెర వంటి పదార్థం పుడుతుంది. పెట్రోలు, డీజిలు, బొగ్గుల జాడను హోపేన్లు పట్టిస్తాయి. ప్లాస్టిక్ తగలబెడితే ట్రైఫినైల్‌బెంజీన్ వెలువడుతుంది. ఐసోప్రీన్, పైనీన్, క్యారియోఫిలీన్‌ల నుంచి గాలిలో పుట్టే పదార్థాలకు వేటి గుర్తులు వాటికున్నాయి. ఇవన్నీ చెన్నై గాలిలో దొరికాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది పగలు, రాత్రి తేడా. చెట్ల ఆవిరి నుంచి పుట్టిన పదార్థాలు పగలు ఎక్కువగా ఉన్నాయి. ఎండ లేనిదే ఆ పని బాగా సాగదు కనుక ఇది సహజమే. తక్కిన పదార్థాలలో అధికభాగం రాత్రి ఎక్కువ. పగలు సముద్రపు గాలి వీస్తుంది. రాత్రి గాలి నేల నుంచి సముద్రం వైపు మళ్లుతూ నేల మీది పొగనంతా మోసుకొస్తుంది. టెరిఫ్తాలిక్ ఆమ్లం అనే పదార్థం కూడా రాత్రివేళనే పెరిగింది. ప్లాస్టిక్ మంటను పట్టించే పదార్థంతో పాటే అది పెరుగుతూ తగ్గుతూ ఉన్నది. బహిరంగంగా ప్లాస్టిక్‌తో సహా చెత్త తగలబెట్టడమే దీనికి ముఖ్య కారణాలలో ఒకటని పరిశోధకులు తేల్చారు.

ఇక లెక్కలు. గుర్తించగలిగిన పదార్థాల మొత్తంలో పెట్రోలు, డీజిలు, బొగ్గు వంటి ఇంధనాల మంట వాటా 24 నుంచి 43 శాతం. ప్లాస్టిక్‌ల వాటా 16 నుంచి 33 శాతం. గాలిలోనే మార్పు చెంది పుట్టిన వాటి వాటా 8.6 నుంచి 23 శాతం. ఇందులో చెట్ల ఆవిరి నుంచి పుట్టినవి ఉన్నాయి, మనిషి వదిలిన వాయువుల నుంచి పుట్టినవీ ఉన్నాయి. సూక్ష్మజీవులు, సముద్రం ఇచ్చినవి 7.2 నుంచి 17 శాతం. ఆకు మైనం 5.9 నుంచి 11 శాతం. కట్టెలు, ఆకులు, పిడకల వంటివి కాల్చగా వచ్చినవి 4.2 నుంచి 6.4 శాతం.

ఈ అంకెలను వాటి మేరకే వాడుకోవాలి. ఇవి కొద్ది వారాల నమూనాలు. గాలిలోని ధూళి అంతటికీ కాక, గుర్తించిన సేంద్రియ పదార్థాలకే సంబంధించిన వాటాలు. అదే బృందం వేరే పద్ధతులతో చేసిన పరిశీలనలలో కట్టె, పిడకల వంటి ఇంధనాల పాత్ర ఇంతకంటె ప్రధానంగా కనిపించింది. వీధిలో కట్టెపొగ వాటా తక్కువైనంత మాత్రాన పొయ్యి ముందు కూర్చున్న తల్లి ఊపిరికి అది మేలు చేస్తుందని కాదు. అయినా ఒక్కటి మాత్రం స్పష్టం. పచ్చని ప్రాంగణంలో పట్టిన గాలిలో సైతం ఆకు మైనం కంటె ప్లాస్టిక్ పాలే ఎక్కువగా ఉన్నది.

చెట్టును బోనెక్కించవచ్చునా

ప్రకృతి పేరు చెప్పి తప్పించుకోజూడటం కొత్త సంగతి కాదు. 1980లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న రోనాల్డ్ రీగన్, కాలుష్యంలో పెద్ద పాలు చెట్లదే అన్న అర్థం వచ్చేటట్లు మాట్లాడాడు. లోకం నవ్వింది. ఒక చెట్టుకు, నేను మళ్లీ ఎవరినైనా చంపక ముందే నన్ను నరికివేయండి అన్న భావంతో విద్యార్థులు అట్ట కట్టారు. ఆ నవ్వు న్యాయమైనదే. కానీ తరువాత జరిగిన పరిశోధన మనకు మరింత ఉపయోగపడే పాఠం చెప్పింది.

1988లో విలియం చమీడిస్, అతని సహచరులు అట్లాంటా నగరపు గాలిని పరిశీలించారు. ఆ ఊరి చెట్లు విడిచే ఆవిరులు ఓజోన్ పుట్టడానికి నిజంగానే తోడ్పడుతున్నాయని తేలింది. అయితే ఆ ఆవిరి ఒక్కటే ఆ పని చేయలేదు. వాహనాలూ విద్యుత్ కేంద్రాలూ వదిలే నత్రజని ఆక్సైడ్లు దానికి తోడు కావాలి. చెట్లను ఆపలేము కనుక, ఆపగలిగిన ఆ వాయువులను ఆపాలి అన్నది వారి ముగింపు. 2015 నాటికి అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలలో జరిగిన పరిశీలనలు మరొక అడుగు ముందుకు వేశాయి. బొగ్గు కాల్చగా వచ్చిన గంధకపు కణాలు గాలిలో ఉన్నప్పుడు ఐసోప్రీన్ మరింతగా కణాలలోకి చేరుతుందని చూపాయి. ఎన్నూరు, అత్తిపట్టు పరిసరాలలో బొగ్గు విద్యుత్ కేంద్రాల పక్కన కాపురముంటున్న మనవారికి ఇది దూరదేశపు ముచ్చటగా తోచదు.

కనుక సహజం అన్న మాటతో ఇద్దరు మనలను మోసపుచ్చవచ్చు. చెట్టు ఇచ్చేది సహజమే కనుక మనిషి చేసేదేమీ లేదనేవాడు ఒకడు. సహజమైనదంతా మేలైనదే కనుక ఆకులు, కొమ్మలు కుప్పపోసి కాల్చినా తప్పులేదనేవాడు మరొకడు. చెట్టు మీద ఉన్నప్పుడు ఆకు ఇచ్చే మైనపు తునక వేరు. అదే ఆకును చెత్తతో కలిపి తగలబెడితే వచ్చే పొగ వేరు. ఈ రెంటినీ రసాయనశాస్త్రం వేరు చేయగలదు. చట్టం కూడా వేరు చేస్తుంది.

పొగ ఎవరి ఊపిరిలోకి

భోగి మనకూ తమిళ సోదరులకూ ఉమ్మడి పండుగ. పాత చాపలు, ఎండుకొమ్మలు, పిడకలు వేసిన మంటలో కాలక్రమాన టైర్లు, ప్లాస్టిక్ సంచులు చేరాయి. 2018 జనవరి 13న భోగి పొగతో కమ్ముకొన్న మంచు వల్ల చెన్నై విమానాశ్రయంలో రాకపోకలకు తీవ్ర అంతరాయం కలిగింది. 2022 ఏప్రిల్ చివర పెరుంగుడి చెత్త మైదానంలో రేగిన మంట రోజుల తరబడి చుట్టుపక్కల వారిని ఉక్కిరిబిక్కిరి చేసింది.

ఈ చెత్తను ఎత్తే చేతులు ఎవరివి? చెన్నై నగర పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు ఇంటిభాషగా గలవారు ఎందరో ఉన్నారు. తరాల కిందట నెల్లూరు మొదలైన జిల్లాల నుంచి వచ్చి ఈ నగరాన్ని శుభ్రంగా ఉంచినవారు వారు. చీపురు పట్టి ఆకులు ఊడ్చేది వారే. ఊడ్చినది తరలించే బండి రానప్పుడు ఆ కుప్పకు ఎవరో పెట్టిన మంట పొగ ముందుగా పీల్చేదీ వారే. ఆ పొగలో ఏమున్నదో, గుడ్డ కట్టుకొంటే ఎంతవరకు ఆగుతుందో, కాల్చమని ఎవరైనా చెబితే కాదనే హక్కు తమకున్నదో లేదో వారికి తెలుగులో చెప్పవలసిన బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది.

సరిహద్దు సంగతి చూద్దాం. గుమ్మిడిపూండి పారిశ్రామికవాడ తమిళనాడులో ఉన్నది. దానికి కొద్ది దూరాన తడ, సూళ్లూరుపేట ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. పులికాటు సరస్సు రెండు రాష్ట్రాలకూ చెందినది. నాగలాపురం కొండల అడవి విడిచిన ఆవిరి, గుమ్మిడిపూండి గొట్టాలు విడిచిన పొగ, తడ రహదారి మీది డీజిలు మసి ఒకే ఆకాశంలో కలుస్తాయి. గాలికి సరిహద్దు రేఖ తెలియదు. దాన్ని కొలిచే కార్యాలయాలు మాత్రం రెండు. వాటి ప్రకటనల భాషలూ వేరు. రేఖకు ఆవలి ఇంట్లో అక్క తెలుగులో చదవగలిగిన హెచ్చరికను, ఈవలి ఇంట్లో చెల్లెలు చదవలేకపోతే ఆమె ఊపిరితిత్తులు చేసిన నేరమేమిటి?

చట్టం చేతిలో ఉన్నది

కాలుష్యం లేని గాలి, నీరు జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది నవంబరులోనే ఎం.సి. మెహతా కేసులో పర్యావరణ విషయాలను పాఠాలుగా బోధించాలని, సినిమాహాళ్లలో ఉచితంగా పలకల మీద చూపాలని, రేడియో, దూరదర్శన్‌లలో చెప్పాలని ఆదేశించింది. అంటే శుభ్రమైన గాలి ఒక హక్కు అయితే, దాన్ని గురించి తెలుసుకోవడం ఆ హక్కుకు వాకిలి.

వీధులలో, బహిరంగ స్థలాలలో చెత్త తగలబెట్టడాన్ని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు నిషేధించాయి. ఆ ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ మామూలుగా కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు పరిహారంగా విధించాలని ఆదేశించింది. మన దేశం 2009లో నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం రెండున్నర మైక్రాన్ల లోపు కణాలు ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే. 2015 నుంచి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గాలి నాణ్యతకు సూచిక ఇస్తున్నది. అయితే ఆ సూచిక ధూళి బరువు చెబుతుంది గాని, ఆ ధూళి ఆకుదో, చెత్త మంటదో, లారీదో చెప్పదు. అది చెప్పాలంటే నేను ఇంతకుముందు వివరించిన వంటి పరీక్షలు జరగాలి. జరిగినవి జనం భాషలో వెల్లడి కావాలి.

ఇక మన భాష కోణం. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, తన ఇబ్బంది తొలగించమని ఏ అధికారికైనా ఏ పౌరుడైనా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతిపత్రం ఇవ్వవచ్చు. తమిళనాడులో తెలుగు వాడుకలో లేదని ఎవరూ అనలేరు. 350 బి అధికరణం భాషా అల్పసంఖ్యాకుల రక్షణలు అమలవుతున్నాయో లేదో పరిశీలించే ప్రత్యేకాధికారిని నియమించమన్నది. 1956లో కేంద్రం ఇచ్చిన మెమోరాండం, 1961లో ముఖ్యమంత్రుల సమావేశం ఆమోదించిన అంశాలు ఆ రక్షణలకు ఆధారం. జిల్లాలో గాని, తాలూకాలో గాని, పురపాలక ప్రాంతంలో గాని ఒక భాష మాట్లాడేవారు కనీసం 15 శాతం ఉంటే, ముఖ్యమైన నియమాలూ ప్రకటనలూ ఆ భాషలో కూడా ప్రచురించాలన్నది వాటిలో ఒకటి. గాలి బాగా లేదు, పసిపిల్లలను బయటికి పంపవద్దు అనే మాట కంటె ముఖ్యమైన ప్రకటన ఏముంటుంది?

సమాచార హక్కు చట్టం, 2005లోని ఒక మెలికను కూడా గుర్తుంచుకోండి. దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలని ఆరవ సెక్షన్ అంటుంది. కానీ నాలుగవ సెక్షన్, ప్రభుత్వ కార్యాలయాలు తమంతట తాము వెల్లడించే సమాచారాన్ని స్థానిక భాషను దృష్టిలో పెట్టుకొని అందించాలని అంటుంది. హోసూరు తాలూకా గ్రామంలో స్థానిక భాష ఏదన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండనక్కరలేదు.

2020లో దేశమంతా చూసిన ఒక వ్యాజ్యాన్ని కూడా చెబుతాను. పర్యావరణ ప్రభావ అంచనా నియమాలను మార్చే ముసాయిదాను కేంద్రం ఆంగ్లం, హిందీలలో ప్రచురించి ప్రజల అభిప్రాయం అడిగింది. విక్రాంత్ తోంగడ్ అనే పర్యావరణవాది ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. ఆ ముసాయిదాను రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలు భాషలు ఇరవై రెండింటిలోనూ అందించాలని 2020 జూన్ 30న హైకోర్టు ఆదేశించింది. ఆంగ్లం, హిందీలు చాలునన్న వాదనతో కేంద్రం ఆ ఆదేశాన్ని సవాలు చేసింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వ్యాజ్యం తాలూకు మలుపులు ఎట్లున్నా, అడిగిన ప్రశ్న మనది. అర్థం కాని భాషలో అభిప్రాయం అడగడం అడిగినట్లవుతుందా? తమిళనాడులోనూ ఆ ముసాయిదాను తమిళంలో ఇవ్వాలని గట్టిగా అడిగారు. వారి కోరిక ఎంత న్యాయమైనదో, ఇదే నేల మీద తెలుగులో అడిగే మన కోరిక అంతే న్యాయమైనది. మనం తమిళానికి పోటీగా నిలబడటం లేదు. తమిళం పక్కన మన నుడికీ నాలుగు వరుసలు అడుగుతున్నాము.

మనం చేయవలసిన పనులు

మొదటిది. మీ తాలూకాలో, మీ పురపాలక సంఘంలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు ఎందరన్నది జనాభా లెక్కల పట్టికల నుంచి తీయించండి. 15 శాతం అన్నది జిల్లాకే కాదు, తాలూకాకూ వర్తిస్తుంది. జిల్లా మొత్తంలో తక్కువగా ఉన్నచోట తాలూకాలో లెక్క సరిపోవచ్చు. అంకె చేతిలో లేకుండా వెళితే కార్యాలయంలో మన మాట విని పక్కన పెడతారు.

రెండవది. చెత్త కాల్చే చోటు మీకు తెలిస్తే తేదీ, వేళ, స్థలం రాసిపెట్టండి. వీలైతే ఛాయాచిత్రం తీయండి. రాత్రివేళ కాలుస్తున్నారా, పగలా అన్నది తప్పక రాయండి. ఆ వేళ ఎంత విలువైన సాక్ష్యమో ఇప్పుడు మీకు తెలుసు. వినతిపత్రం తెలుగులో రాసి, 350వ అధికరణాన్ని పేర్కొని, వెంట తమిళ అనువాదం జతపరచి ఇవ్వండి. అందినట్లు సంతకం, ముద్ర తీసుకోవడం మరవకండి.

మూడవది. మీ దగ్గరలో కర్మాగారానికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే నివేదిక సారాంశం తెలుగులో కావాలని ముందుగానే రాతపూర్వకంగా కోరండి. సభలో తెలుగులో మాట్లాడండి. మాట్లాడినది నమోదు చేయమనండి.

నాలుగవది. మన తెలుగు ఉపాధ్యాయులకు ఒక మనవి. తామరాకు మీద నీటిబొట్టు నుంచి మొదలుపెట్టి గాలిలోని కణం దాకా ఒక పాఠం తెలుగులో రాయండి. మైనపు పూత, కరివేపాకు వాసన, కట్టె పొగ, ప్లాస్టిక్ పొగ – ఈ నాలుగింటి తేడా అయిదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేటట్లు చెప్పవచ్చు. అటువంటి పాఠం చదివిన పిల్లవాడు ఇంటికి వెళ్లి భోగిమంటలో ప్లాస్టిక్ సంచి వేయబోయే పెదనాన్న చేయి పట్టుకొంటాడు.

అయిదవది. పారిశుద్ధ్య కార్మికుల వాడలలో తెలుగు తెలిసిన వైద్యులతో, న్యాయవాదులతో నెలకొక పూట సమావేశం జరుపుదాము. కాల్చమన్న మాటకు కాదనవచ్చునని, అది చట్టం ఇచ్చిన బలమని వారికి వారి నుడిలో చెబుదాము. ఆ పనికి మా బోటి న్యాయవాదులం రుసుము లేకుండా వస్తాము.

పచ్చని చెట్టు తన పాలు తాను గాలికి ఇస్తూనే ఉంటుంది. దాన్ని ఆపవలసిన పని మనకు లేదు. మిగిలిన పాలు ఎవరిదో అడగడం మన పని. అడిగే మాట తెలుగులో అడుగుదాము, జవాబు తెలుగులో కోరుదాము. ఈ సభ ముగిసేలోగా తాలూకాకు ఇద్దరు చొప్పున పేర్లు ఇచ్చి వెళ్లవలసిందిగా కోరుతున్నాను.